‘చండాలిక’ — కూచిపూడి నాట్యమున సామాజిక దృష్టి

తిరువూరు మొదలు దివిసీమ వఱకు వ్యాపించిన పూర్వపు కృష్ణామండలమున పుట్టిన కూచిపూడి నాట్యము చిరకాలము పౌరాణికేతివృత్తములకే నెలవు. స్త్రీపాత్రలను సైతము పురుషులే ధరించుట భాగవతుల సంప్రదాయము. అట్టి కళ అస్పృశ్యతవంటి సమస్యను వహింపగలదా? వెంపటి చినసత్యంగారి (1929–2012) ‘చండాలిక’ దీనికి సమాధానము.

రవీంద్రులు 1933లో నాటకముగా రచించి, 1938లో నృత్యనాటకముగా మలచిన కథ యిది. దప్పిగొన్న ఆనందభిక్షువు అంటరాని పిల్ల ప్రకృతిని నీరడుగును. ఇందు సమస్య వాదముగా గాక క్రియగా నున్నది: దాహము, దోసిలి, నీరు పోయుటకు సంకోచించు చేయి. ఆంగికాభినయమునకు నిట్టి క్రియయే జీవము. కావుననే ప్రాచీనరీతిని విడువక నూతనార్థమును చెప్ప వీలైనది.

చినసత్యంగారి కృతులలో పౌరాణికములే యధికము. వారిని కేవల సంస్కర్తయనుట యతిశయోక్తి. అయినను, గురువు వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారి బాటలో స్త్రీలకును, 1963లో మద్రాసున స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీయందు ఇతర కుటుంబములవారికిని వారు విద్య నేర్పిరి. ‘చండాలిక’ రంగమున నడిగిన ప్రశ్న ‘ఎవరు అర్హులు?’ అనునది. దానికి పాఠశాలయందును వారు బదులు చెప్పిరని మేము తలంచుచున్నాము.