గాలపు వేటకును హద్దు కావలెను



రామగుండము, గోదావరిఖని ప్రాంతమున ఆదివారము వచ్చినదనిన చెరువు కట్టల మీదను, ఎల్లంపల్లి నీటి అంచునను గాలపు కర్రలు బారులు తీరును. వారమంతయు బాయిలో పని చేసిన కార్మికుడు, నాట్లు ముగించిన రైతు, బడికి సెలవు దొరికిన పిల్లవాడు, అందరును అక్కడనే కనిపింతురు. గాలముతో కూర్చొనుట మంచి కాలక్షేపము. దొరికిన చేప ఇంటికి మంచి ఆహారము. దీనిని తప్పు పట్టవలసిన పని లేదు.

అయితే, "వల వేయువానికి నియమములు ఉండనిండు, గాలముతో పట్టు నాలుగు చేపలకు కూడ హద్దు ఎందుకు?" అని పలువురు అడుగుచుందురు. ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనుట చెరువు కింద సేద్యము చేయు ప్రతి రైతునకు అవసరము. ఏలయన, చెరువులోని చేప కూడ పంటయే.

చిన్న లెక్క

మీ ఊరి చెరువులో 20,000 చేప పిల్లలను వదలినారనుకొనుడు. వానిలో సగము, అనగా 10,000 బ్రతికి జానెడు పొడవునకు వచ్చినవనుకొనుడు. ప్రతి ఆదివారము 20 మంది గాలము వేసి, ఒక్కొక్కరు 5 చేపల చొప్పున పట్టినచో వారమునకు 100, ఆరు నెలలలో 2,600 చేపలు పోవును. ఒక్కొక్కటి 200 గ్రాముల చొప్పున వాని బరువు 520 కిలోలు మాత్రమే.

ఆ చేపలనే కిలో బరువు వచ్చు వరకు ఆగినచో, మధ్యలో అయిదవ వంతు చచ్చినను 2,080 కిలోలు చేతికి వచ్చును. అనగా తొందరపాటు వలన చెరువు పోగొట్టుకొన్నది 1,560 కిలోలు. సంఘములో 40 మంది సభ్యులున్నచో తలకు 39 కిలోల చేప. గాలము వేసినవారిలో ఏ ఒక్కరును ఎక్కువ పట్టలేదు. అయినను అందరి చేయి కలిసినప్పుడు నష్టము ఇంత అయినది. పచ్చి కంకిని కోసికొని తిన్నట్లే జానెడు చేపను పట్టుట.

మన రాష్ట్రమున 2016-17 నుండి ప్రభుత్వము చెరువులకు ఉచితముగా చేప పిల్లలను ఇచ్చు పథకము మొదలయినది. పిల్లలు ఉచితముగా వచ్చినను, అవి ఎదుగుటకు పట్టు కాలము ఉచితము కాదు. ఆ కాలము మీద బ్రతుకు కుటుంబములున్నవి. చెరువును మత్స్య సహకార సంఘమునకు ఇచ్చిన చోట చేపల మీద హక్కు ఆ సంఘమునదే. గాలము వేయువారు వారి అనుమతి పొందవలెను.

చెరువు వేరు, నది వేరు, కొర్రమీను వేరు

చేపల వేట నియమములన్నియు ఒకే కారణము చేత పుట్టినవి కావు. ఇది గ్రహించినచో నియమము బరువుగా తోచదు.

బొచ్చె, రోహు, ఎర్రమోసు చేపలు నిలువ నీటిలో గుడ్లు పెట్టవు. వానలకు నది పొంగి, కొత్త నీరు ఒడ్డులెక్కినప్పుడే అవి ఈనును. అందుచేతనే పూర్వము చేప పిల్లల కొరకు నదుల మీద ఆధారపడవలసి వచ్చెడిది. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి అను శాస్త్రజ్ఞులు చేపలకు పిట్యూటరీ గ్రంథి రసమును సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించిన తరువాత, కేంద్రములలో పిల్లలను ఉత్పత్తి చేయుట సాధ్యమయినది. కనుక చెరువులో ఈ చేపలకు హద్దు పెట్టుట ఎదుగుదల కొరకు. బంగారు తీగ మాత్రము నాచు ఉన్న నిలువ నీటిలోను గుడ్లు పెట్టును.

గోదావరి సంగతి వేరు. అక్కడ తొలి వరద వేళ ఎదురెక్కు చేప కడుపు నిండ గుడ్లతో వచ్చును. ఒక పెద్ద రోహు లక్షల గుడ్లు పెట్టగలదు. ఆ సమయమున దానిని పట్టుట విత్తనపు గాదెను తగులబెట్టుట వంటిది. మృగశిర కార్తెనాడు చేప తినుట మన ఇండ్లలో ఆచారము. ఆనాడు చెరువులో పెంచిన చేపను కొని తిని, ఆ తరువాత నది ఎదురెక్కు చేపను విడిచిపెట్టుట ఆచారమునకును, నదికిని మేలు. అదే విధముగా మత్తడి దూకు చోట, వాగు పొలములో కలియు చోట మావులు పెట్టి దారి మూయరాదు.

మన రాష్ట్ర చేపయైన కొర్రమీను మూడవ తరహా. ఇది చెరువులోనే, నాచు గల లోతు తక్కువ నీటిలో గూడు చేసికొని గుడ్లు పెట్టును. తల్లిదండ్రులు పిల్లలను కాచుకొని తిరుగును. నీటి మీద ఎర్రని చిన్న పిల్లల గుంపు కదలుట మీరు చూచియే ఉందురు. ఆ గుంపు కింద పెద్ద చేప ఉండునని తెలిసి అక్కడనే గాలము వేయువారు కలరు. కాపు పోయిన పిల్లలను ఇతర చేపలు గంటలలో మింగివేయును. ఒక్క చేప కొరకు వందల చేపలు పోవును.

ఇతర దేశములలో ఏమి చేయుచున్నారు?

ఇంగ్లండులో సరదాకు గాలము వేయువారు కూడ లైసెన్సు పొందవలెను. అక్కడి నదులలో మంచినీటి చేపలకు మార్చి 15 నుండి జూన్ 15 వరకు వేట విరామము. 2010లో ఆ దేశమున నియమములను మార్చి, నదులలో ఒక మనిషి ఒక రోజున ఇంటికి తీసికొని పోదగిన చేపలకు లెక్క పెట్టినారు: 20 సెంటీమీటర్ల లోపు చిన్న చేపలు 15, పైక్ అను వేట చేప 65 సెంటీమీటర్లకు మించనిది ఒకటి, గ్రేలింగ్ అను చేప 30 నుండి 38 సెంటీమీటర్లది రెండు.

ఇందు గమనింపదగినది, పెద్ద చేపను విడువవలెనను నియమము. పెద్ద ఆడ చేప ఎక్కువ గుడ్లు పెట్టును గనుక దానిని తల్లి విత్తనముగా కాచుకొందురు. మన చెరువులో వదలిన బొచ్చెకు ఈ నియమము పనికిరాదు, అది అక్కడ ఈనదు గనుక. నదిలోని చేపకు పనికివచ్చును. పరాయి దేశపు నియమమును కాక, దాని వెనుకనున్న కారణమును తెచ్చుకొనవలెను.

మందుగుండు మాట

బొగ్గు గనుల ప్రాంతమున ఈ మాట చెప్పక తీరదు. జిలెటిన్ కడ్డీలు గనికి, క్వారీకి సంబంధించినవి. నీటిలో అవి పేలినప్పుడు పుట్టు ఒత్తిడికి చేప కడుపులోని గాలితిత్తి పగులును. చచ్చిన చేపలు అన్నియు తేలవు, పెక్కు అడుగునకు పోవును. వాటితో పాటు పిల్లలు, చేపలకు మేతయగు పురుగులు కూడ నశించును. వత్తి ముందుగా కాలినచో పోవునది విసరిన వాని చేయి, లేదా కన్ను, లేదా ప్రాణము.

1873లో ఫ్రాన్సిస్ డే అను అధికారి మన దేశపు మంచినీటి చేపల మీద నివేదిక వ్రాసి, చిన్న కన్నుల వలల వలన పిల్లలు నశించుటను చూపినాడు. 1897లో బ్రిటిషు పాలనలోని ప్రాంతములకు చేసిన చట్టము మందుగుండుతో, విషముతో చేపలను చంపుటను నేరముగా ప్రకటించినది. హైదరాబాదు సంస్థానపు చట్టము వేరు. అయితే అక్రమముగా పేలుడు పదార్థములను దగ్గర ఉంచుకొనుట 1908 నాటి చట్టము ప్రకారము దేశమంతటను కఠిన శిక్షకు తగిన నేరము. కరెంటు తీగ నీటిలో వేయుట కూడ ఇట్టిదే. చేపకన్న ముందు మనిషి చచ్చును.

మంథని దిక్కున గోదావరి ఒడ్డునగల శివారము మొసళ్ల అభయారణ్యములో వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 వర్తించును. అక్కడ గాలము కాని, వల కాని వేయరాదు.

మీ ఊరిలో చేయదగినవి

సంఘము, పంచాయతీ, గాలము వేయువారు ఒకచోట కూర్చొని ఈ దిగువ విషయములు నిర్ణయించుకొనవచ్చును.

1. కొలత: అర కిలో లోపు బొచ్చె, రోహు, ఎర్రమోసు చేపలను తిరిగి వదలవలెను. అర కిలో రోహు సుమారు 35 సెంటీమీటర్లు ఉండును. గాలపు కర్రకు ఆ కొలత వద్ద గుర్తు చెక్కుకొన్నచో త్రాసు అవసరము లేదు.

2. లెక్క: ఒక మనిషికి రోజుకు ఇన్ని అని, ఒక ఇంటి కూరకు సరిపోవునట్లు, ఉదాహరణకు రెండు, నిర్ణయించవలెను. చెరువు విస్తీర్ణము, వదలిన పిల్లల సంఖ్య చూచి ఏటేటా మార్చుకొనవచ్చును. పరకల వంటి చిన్న చేపలకు ఈ లెక్క వద్దు.

3. కాలము: పిల్లలను వదలిన తొలి రెండు నెలలు చెరువులో గాలము ఆపవలెను. నదిలోను, జలాశయములోను వేట విరామపు తేదీలను జిల్లా మత్స్యశాఖ కార్యాలయమున అడిగి తెలిసికొనవలెను.

4. కొర్రమీను: పిల్లల గుంపుతోనున్న దానిని ఎవరును పట్టరాదు.

5. వదలు పద్ధతి: చేతులు తడిపి చేపను పట్టుకొనవలెను. పొడి చేతితో పట్టినచో ఒంటి మీది జిగురు పోయి చేప రోగపడును. మొప్పలలో వేలు పెట్టరాదు. గాలము లోపలికి మింగినచో లాగక దారమును దగ్గరగా కోయవలెను.

రైతుగా మీ వంతు మరొకటి కలదు. పురుగుమందు చల్లిన పంపులను, డబ్బాలను చెరువులోను, కాలువలోను కడుగవద్దు. పైరెత్రాయిడ్ జాతి మందులు చేపలకు అతి తక్కువ మోతాదులోనే విషము.

ఈ నిర్ణయములను పెద్ద అక్షరములతో బోర్డు మీద వ్రాయించి కట్ట మీద, తూము దగ్గర నిలుపుడు. కాపలావాడు లేని వేళ కూడ ఆ నియమము నిలువవలెనన్న, దాని కారణము గాలము పట్టిన ప్రతివానికి తెలిసి ఉండవలెను. తొలకరికి ముందే ఈ పని ముగించుకొన్నచో, రాబోవు వేసవిలో వల లాగునాడు ఫలితము మీ కన్నులకే కనపడును.