దీవి పట్నంలో కాఫీ కొట్లు

పొద్దున లేవగానే మనలో చాలామందికి కాఫీనో టీనో గొంతులో పడాలి. పడకపోతే పని సాగదు. ఈ అలవాటు మనకే కాదు, చాలా దేశాల వాళ్లకు ఉంది. అయితే ఒక్కో చోట ఒక్కో తీరు. సముద్రం మధ్య ఉన్న ఒక దీవి పట్నంలో కాఫీ ఎలా పెడతారు? ఆ కొట్లు ఎలా నడుస్తాయి? తెలుసుకుందాం.

ఆ పట్నం ఎక్కడుంది?

బంగాళాఖాతం దాటి తూర్పుకు పోతే మలేషియా దేశం వస్తుంది. దాని పడమటి ఒడ్డు పక్కనే పెనాంగ్ అనే దీవి ఉంది. ఆ దీవిలోని పెద్ద పట్నం పేరు జార్జిటౌను. 1786లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు అక్కడ రేవు పెట్టారు. ఓడలు వచ్చాయి. ఓడల వెంట జనం వచ్చారు. చీనా నుంచి, మన దేశం నుంచి, చుట్టుపక్కల దీవుల నుంచి బతుకుతెరువు కోసం వచ్చారు.

మలేషియాకు మన తెలుగువాళ్లు కూడా పోయారు. దొరల కాలంలో రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో కూలి పనికి పోయారు. వాళ్ల పిల్లలు, మనవలు ఇప్పుడు ఆ దేశం మనుషులే.

పూర్వం ఎదుటి ఒడ్డు నుంచి ఈ దీవికి పోవాలంటే పడవ ఎక్కాల్సిందే. 1985లో పెద్ద వంతెన తెరిచారు. దాని పొడవు 13 కిలోమీటర్ల పైనే.

రెండు భాషల మాట

అక్కడ కాఫీ కొట్టును 'కోపితియాం' అంటారు. 'కోపి' అంటే కాఫీ. ఇది మలయ్ భాష మాట. 'తియాం' అంటే కొట్టు. ఇది చీనా వాళ్ల మాట. పక్కపక్కన బతికే మనుషుల భాషలు ఇలాగే కలిసిపోతాయి.

ఈ కొట్లు ఎక్కువగా పెట్టింది చీనాలోని హైనాన్ దీవి నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు మిగతా చీనా వాళ్లకంటే ఆలస్యంగా వచ్చారు. అప్పటికే లాభమున్న వ్యాపారాలన్నీ ఇతరుల చేతుల్లో ఉన్నాయి. అందుకని చాలామంది దొరల ఇళ్లల్లో, ఓడల్లో వంటవాళ్లుగా చేరారు. రొట్టె కాల్చడం, కాఫీ పెట్టడం అక్కడ బాగా పట్టుబడింది. తర్వాత ఆ విద్యతోనే సొంత కొట్లు పెట్టుకున్నారు. చేతిలో ఉన్న పనే వాళ్లకు పెట్టుబడి అయింది.

కాఫీ ఎలా పెడతారు?

కాఫీ గింజలను చక్కెర, వెన్న లాంటి కొవ్వు వేసి వేపుతారు. చక్కెర మాడి గింజకు పడుతుంది. గింజ నల్లగా నిగనిగలాడుతుంది. ఆ పొడిని పొడుగాటి గుడ్డ సంచిలో వేస్తారు. ఆ సంచికి పిడి ఉంటుంది. మరిగే నీళ్లు పోసి డికాషను దించుతారు. మనం ఇత్తడి ఫిల్టరులో దించుతాం, వాళ్లు గుడ్డలో దించుతారు. అంతే తేడా.

మనం మామూలుగా పాలు కాచి పోస్తాం. వాళ్లు తియ్యటి చిక్కటి డబ్బా పాలు వేస్తారు. ఆ పాలు పాడైపోకుండా చాలా రోజులు ఉంటాయి. ఎండ ఎక్కువగా ఉండే ఊళ్లో అది పెద్ద సుఖం.

కాఫీతో పాటు బొగ్గుల మీద కాల్చిన రొట్టె ఇస్తారు. దానికి 'కాయా' రాస్తారు. కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెర, మొగలి జాతికి చెందిన ఒక వాసన ఆకు కలిపి సన్నటి సెగ మీద కాయా చేస్తారు. కలుపుతూనే ఉండాలి. చెయ్యి ఆపితే గుడ్డు విరిగిపోతుంది.

అడగడం తెలియాలి

అక్కడ ఊరికే 'కోపి' అంటే డబ్బా పాలు వేసిన తియ్యటి కాఫీ ఇస్తారు. 'కోపి-ఓ' అంటే పాలు లేని నల్ల కాఫీ. అందులో కూడా చక్కెర ఉంటుంది. 'కోసోంగ్' అనే మాట చేర్చాలి. దాని అర్థం 'ఖాళీ'. 'కోపి-ఓ కోసోంగ్' అంటే పాలూ చక్కెరా లేని కాఫీ. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు ఆ ఒక్క మాట ఎంత అవసరమో చూడండి!

ఒక కప్పు కింద పది పొట్టలు

పాత కొట్టు కింద ఉంటుంది, కాపురం పై అంతస్తులో ఉంటుంది. ముందు అయిదడుగుల వసారా. ఎండకూ వానకూ జనం అందులోనే నడుస్తారు.

కొట్టు యజమాని కాఫీ, టీ లాంటివి తానే అమ్ముతాడు. మిగతా జాగాలో చిన్న బండ్లు పెట్టుకోనిస్తాడు. ఒకరు సేమ్యాల పులుసు, ఇంకొకరు అన్నం, మరొకరు వేపుళ్లు అమ్ముతారు. బండి వాళ్లు యజమానికి అద్దె ఇస్తారు. తినడానికి వచ్చినవాళ్లు కాఫీ కూడా తాగుతారు. కాబట్టి బండి బాగా నడిస్తే కొట్టు నడుస్తుంది.

చాలా చోట్ల ఇది ఇంటిల్లిపాదీ చేసే పని. భార్య కప్పులు కడుగుతుంది, రొట్టె కాలుస్తుంది, లెక్క చూస్తుంది. ఆమెకు విడిగా కూలి ఉండదు. మన ఊళ్లో టీ కొట్టు, టిఫిను బండి నడిపే ఇళ్లల్లోనూ ఇదే కథ కదా? లాభం లెక్క వేసేటప్పుడు పాలు, పొడి, గ్యాసు లెక్క వేస్తాం. మన రెక్కల కష్టాన్ని మాత్రం వదిలేస్తాం.

అద్దె పెరిగింది, కొట్లు కదిలాయి

ఆ పట్నంలో పాత ఇళ్ల అద్దెలు పెంచకుండా చాలా ఏళ్లు ఒక చట్టం ఉండేది. 1948కి ముందు కట్టిన ఇళ్లకు అది వర్తించేది. అద్దె తక్కువ కాబట్టి చిన్న కొట్లు నిలిచాయి. కానీ వచ్చే అద్దె చాలక చాలామంది యజమానులు ఇళ్లు బాగుచేయించలేదు. గోడలు పాడయ్యాయి.

2000 జనవరి 1 నుంచి ఆ చట్టం పోయింది. అద్దెలు ఒక్కసారి పెరిగాయి. తరతరాలుగా ఉన్న ఎంతోమంది ఇళ్లూ కొట్లూ ఖాళీ చేయాల్సి వచ్చింది. 2008లో జార్జిటౌను పాత పేటను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. ఊరు చూడటానికి వచ్చేవాళ్లు పెరిగారు. పాత ఇళ్లల్లో కొన్ని హోటళ్లుగా, యంత్రంతో కాఫీ చేసే కొత్త కొట్లుగా మారాయి. అక్కడ కప్పు ధర ఎక్కువ.

అయినా పాత కొట్లు అన్నీ పోలేదు. పొద్దున్నే ఆటో వాళ్లలాంటి పనివాళ్లు, ముసలివాళ్లు, బడి పిల్లలు వచ్చి కూర్చునే కొట్లు ఇంకా ఉన్నాయి.

ఇందులో మనకు ఒక మాట ఉంది. కొట్టు ఎంత పాతదైనా, చేతిలో ఎంత విద్య ఉన్నా, కాలి కింద జాగా మనది కాకపోతే భయమే. అందుకే జాగా అద్దెకు తీసుకునేటప్పుడు కాగితం రాయించుకోవాలి. అద్దె ఎంత, ఎన్నాళ్లు, ఎప్పుడు ఎంత పెంచుతారు అన్నది అందులో ఉండాలి. చదివాకే సంతకం పెట్టాలి. డబ్బు కట్టిన ప్రతిసారీ రసీదు అడగాలి. ఇప్పుడు మనకు చదవడం వచ్చు కదా!

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో టీ కొట్టు, టిఫిను బండి నడిపే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు?
2. ఒక రోజు ఖర్చు, రాబడి రాసి చూడండి. మీ కూలి కూడా ఖర్చులో వేయండి. ఎంత మిగిలింది?
3. మీ కొట్టుకు గానీ ఇంటికి గానీ అద్దె కాగితం ఉందా? తీసి, పైకి చదవండి.