కచేరి మెట్లు – వికలాంగులు

ఊరికొక కచేరి కట్టుట ఊరివారందఱును దానిలోనికి పోవుటకే కదా! కాని కాలు లేనివానికి మూడు మెట్లు మూడు గోడలవంటివి. చెవి వినరానివానికి గుమాస్తా తలవంచుకొని పలికిన మాట పలుకనట్లే. చూపు లేనివానికి గోడమీద అంటించిన ప్రకటన వట్టి కాగితము. కావున వైకల్యమనునది కొంత దేహమందున్నది. కొంత మనము కట్టిన కట్టడములందును, మన నడవడియందును ఉన్నది. మొదటిది వైద్యుని పని. రెండవదానిని సవరించుట మన పని. ఆ పనిని గ్రామోద్యోగులకును, వారికి తోడ్పడు యువజనులకును నేర్పుటయే నేటి ప్రసంగవిషయము.

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడినది. అంతకు మున్ను ఆళ్లగడ్డవారు జిల్లా కచేరి పనికై నంద్యాల దాటి కర్నూలు వఱకు పోవలసి యుండెను. 2019 అక్టోబరు 2వ తేదీ మొదలు గ్రామ సచివాలయములు వెలసినందున పెక్కు పనులు ఊరిలోనే జరుగుచున్నవి. ఈ విధముగ దూరము తగ్గినది. కాని చేరినచోట మెట్టు అడ్డమైనచో, తగ్గిన ఆ దూరమువలన కాలు లేనివానికి కలుగు లాభమేమి?

ఈ విషయమున శాసనము స్పష్టముగ నున్నది. 1995 నాటి చట్టము ఏడు విధములైన వైకల్యములను మాత్రమే గుర్తించినది. ఐక్యరాజ్యసమితి 2006లో వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదింపగా, మన దేశము 2007 అక్టోబరు 1న దానిని ధ్రువపఱచినది. తరువాత వచ్చిన 2016 నాటి చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో నున్నది. ఇది 21 విధముల వైకల్యములను గుర్తించుచున్నది. దాని 47వ సెక్షను ప్రకారము పంచాయతీరాజ్ సభ్యులకును, పరిపాలనోద్యోగులకును, పోలీసులకును ఇచ్చు శిక్షణలన్నింటియందు వికలాంగుల హక్కులను బోధించుట తప్పనిసరి. కావున ఈ శిక్షణ దయాధర్మము కాదు, విధి. ఐనను దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడని సామెత. ఢిల్లీ నుండి వచ్చిన వరము మన కచేరి వాకిట నిలిచిపోకుండ చూచుటయే శిక్షణయొక్క ఫలము.

శిక్షణలో మొదట నేర్పవలసినది కొలత. అడుగు ఎత్తు ఎక్కుటకు వాలుబాట 12 అడుగుల పొడవుండవలెను. అరుగు అడుగున్నర ఎత్తైనచో వాలు 18 అడుగులు కావలెను. నాలుగడుగులలో ముగించిన వాలుమీద చక్రాల కుర్చీ ఎక్కదు, వెనుకకు దొర్లును. ఇరుప్రక్కల పట్టుకొనుటకు కమ్ములు, పైన తలుపు ముందర కుర్చీ నిలుచునంత చదును, మూడడుగుల వెడల్పు గల ద్వారము అవసరము. మన ప్రాంతమున బేతంచెర్ల నునుపురాయి పరచుట వాడుక. అది చూచుట కింపైనను, తడిసినచో ఊతకఱ్ఱ జారును. వాలుమీద గరుకురాయినే పరవవలెను. రాతిని దేవతామూర్తులుగ మలచు శిల్పులున్న ఆళ్లగడ్డ సీమలో ఇది కష్టమైన పని కాదు.

రెండవది మాట. వికలాంగుడు వచ్చినపుడు తోడు వచ్చినవానితోగాక అతనితోనే మాటలాడవలెను. సహాయము కావలెనా యని అడుగకయే చక్రాల కుర్చీని త్రోయరాదు. చూపు లేనివానికి ముందు తన పేరు చెప్పి, తన మోచేయి అందింపవలెనేగాని అతని కఱ్ఱ పట్టి లాగరాదు. పింఛను సొమ్మును ఒక్కొక్క నోటును చెప్పుచు చేతిలో పెట్టవలెను. చెవి వినరానివానికి ఎదురుగ నిలిచి, పెదవులు కనబడునట్లు మెల్లగ పలికి, అవసరమైనచో వ్రాసి చూపవలెను. బుద్ధి నెమ్మదిగ పనిచేయువానికి చిన్న మాటలతో చెప్పి, జవాబు వచ్చు వఱకు ఓపిక పట్టవలెను. పదిమందిలో వైకల్యముచేత పిలిచి హేళనచేయు దురలవాటు మన యూళ్లలో కలదు. వికలాంగుని నలుగురిలో బుద్ధిపూర్వకముగ అవమానించినవారికి ఆఱు నెలలకు తగ్గక, ఐదేండ్ల వఱకు ఖైదును, జరిమానాయును 92వ సెక్షను విధించుచున్నది.

మూడవది దారి చూపుట. సదరం ధ్రువపత్రము ఎక్కడ దొరకునో, నూటికి 40 పాళ్లకు తగ్గని వైకల్యము గలవారికి ఏయే సౌకర్యములున్నవో ఉద్యోగికి కంఠస్థముగ నుండవలెను. 2024 మే 13న మన రాష్ట్రమున జరిగిన ఎన్నికలలో అట్టివారికి ఇంటివద్దనే ఓటు వేయు వీలు కల్పింపబడినది. కాని ముందుగ దరఖాస్తు పెట్టినవారికే అది దక్కినది. ఆ సంగతి చెప్పువాడు లేని యింట ఆ వీలు లేనట్లే. ఓటు, పింఛను, గ్రామసభలో నోరు విప్పి మాటలాడు హక్కు – ఒక మనిషి ఊరిలో లెక్కకు వచ్చుట ఈ మూటివలననే.

ఈ విద్యకు తగిన గురువులు వికలాంగులే. చక్రాల కుర్చీలో తిరుగు వ్యక్తిని పిలిచి, బాట నుండి కచేరి బల్ల వఱకు ఉద్యోగులను వెంటబెట్టుకొని నడిపింపుడు. ఆతడు ఆగిన ప్రతిచోటును వ్రాసికొన్నచో అదియే శిక్షణపాఠము, అదియే మరమ్మతుల పట్టిక.

గ్రామపెద్దలారా! రాబోవు గ్రామసభలో మూడు ప్రశ్నలు వేయుడు. మన సిబ్బందికి ఈ శిక్షణ ఎన్నడిచ్చిరి? మన కచేరి వాలును కొలిచినవా రెవరు? కట్టక పూర్వము వికలాంగుల నడిగితిరా? జవాబు దొరకనిచో దానిని సభా తీర్మానముగ వ్రాయింపుడు. ఆ వాలుబాట పరులకొఱకు మాత్రమే కాదు. ముదిమిచే మోకాళ్లు సడలినపుడు మనలో ప్రతివాడును ఆ కమ్మి పట్టుకొనియే కచేరి లోనికి పోవలసి యుండును.