తగ్గింపు బోర్డు వెనక లెక్క: చిన్న వ్యాపారుల అపోహలు – వాస్తవాలు

చిన్న వ్యాపారికి సలహాలకు కరువు లేదు. బావమరిది చెబుతాడు, పక్క షాపాయన చెబుతాడు, ఈమధ్య ఫోన్ తెరిస్తే రీల్‌లో ఎవరో కుర్రాడు కూడా చెబుతున్నాడు. వాటిలో చాలావరకు పెద్ద కంపెనీల కోసం పుట్టినవే. ఊరూరా బ్రాంచీలున్న కంపెనీకి అచ్చొచ్చిన సూత్రం ఇద్దరు పనివాళ్లున్న కొట్టుకు అచ్చిరావాలని లేదు. పైగా ఆ నష్టం వెంటనే కనిపించదు. గిరాకీ బాగున్నట్టే ఉంటుంది, నెలాఖరుకు గల్లా పెట్టెలో మాత్రం ఏమీ మిగలదు.

అపోహ: రేటు తగ్గిస్తే ఎక్కువ అమ్ముడవుతుంది. ఎక్కువ అమ్మితే ఎక్కువ మిగులుతుంది.

మొదటి మాట చాలాసార్లు నిజమే. రెండో మాట దగ్గరే మునుగుతారు. ఒక చీర 750 రూపాయలకు కొని 1,000కి అమ్ముతున్నారనుకుందాం. చీరకు 250 మిగులు. రోజుకు పది చీరలు పోతే 2,500. ఇప్పుడు పది శాతం తగ్గించి 900కి పెట్టారు. కొనేవాళ్లకు తగ్గింది పది శాతమే. మీ మిగులులో తగ్గింది నలభై శాతం, 250 కాస్తా 150 అయింది. మునుపటి 2,500 చేతికి రావాలంటే రోజుకు పదిహేడు చీరలు అమ్మాలి. ఇరవై శాతం తగ్గిస్తే చీరకు మిగిలేది 50. అప్పుడు యాభై చీరలు అమ్మితే గానీ పాత లెక్క రాదు. అన్ని చీరలు విప్పి చూపించి మళ్లీ మడతపెట్టడానికి ఇంకో ఇద్దరు మనుషులు కావాలి, వాళ్ల జీతాలు ఈ లెక్కలో వేయలేదు.

మరి ఆషాఢం రాగానే పెద్ద షాపులన్నీ తగ్గింపు బోర్డులు ఎందుకు కడతాయి? ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. శ్రావణానికి కొత్త సరుకు దించాలి. అరల్లో పాత స్టాకు ఉందంటే అక్కడ డబ్బు ఇరుక్కున్నట్టే. దాన్ని బయటికి తెచ్చుకోవడానికి తగ్గింపు మంచి పనిముట్టే. పైగా వాళ్లు పెద్ద మొత్తంలో కొంటారు కాబట్టి వాళ్లకు పడే కొనుగోలు ధరే మనకన్నా తక్కువ. ఆ బోర్డు చూసి చిన్న షాపువాళ్లు తమ కొట్టులో రోజూ కదులుతున్న సరుకు మీద కూడా తగ్గింపు పెట్టడమే తెలివితక్కువ పని. నిన్నటిదాకా 1,000 ఇచ్చి సంతోషంగా తీసుకెళ్లినవాళ్లకే వంద రూపాయలు చేతిలో పెట్టి పంపినట్టు.

ఇదే లెక్కను తిప్పి చూడటానికి మనవాళ్లకు ధైర్యం చాలదు. అదే చీర మీద 50 రూపాయలు పెంచితే మిగులు 300. పదిమందిలో ఒకరు కొనకుండా వెళ్లిపోయినా రోజుకు 2,700 వస్తుంది. ఇద్దరు వెళ్లిపోతే 2,400, అంటే నష్టమే. ఒకరా, ఇద్దరా అన్నది మీ వీధిని, మీ సరుకును బట్టి ఉంటుంది. పక్క కొట్టులో దొరకని రెండు మూడు రకాల మీద కొన్నాళ్లు పెట్టి చూస్తే తెలుస్తుంది. అందరూ రేటు చెప్పగలిగే సరుకు మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

అపోహ: మార్కెటింగ్ అంటే ప్రకటనలు. అది డబ్బున్నవాళ్ల పని.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కొత్త మందు, ఎవరికీ తెలియదు. ఆయన సంగీత కచేరీలకు వెళ్లి దాన్ని ఊరికే పంచిపెట్టారు. తర్వాతి రోజుల్లో ఆయన స్థాపించిన ఆంధ్రపత్రికకు అండగా నిలిచింది ఈ తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బే.

ఉచితంగా ఇవ్వడం ఒక్కటే ఇందులో గొప్ప కాదు. ఎక్కడ ఇచ్చారో, ఏమి ఇచ్చారో చూడండి. గంటల తరబడి కదలకుండా కూర్చునే జనం, నుదుటికి రాసుకుంటే నిమిషాల్లో తేడా తెలిసే సరుకు. ధర తగ్గించడానికీ, నమూనా ఇవ్వడానికీ ఉన్న తేడా కూడా ఇక్కడే ఉంది. ధర తగ్గిస్తే ఆ సరుకు విలువ అంతేనన్న మాట కొనేవాళ్ల మనసులో పడిపోతుంది, మళ్లీ పాత ధర చెబితే మొహం చిట్లిస్తారు. నమూనా ఇస్తే ధర చెక్కుచెదరదు. స్వీటు కొట్లలో చిన్న ముక్క చేతిలో పెట్టడం, పచ్చళ్ల కొట్టులో కాస్త రుచి చూపించడం ఈ దారివే. ఎలక్ట్రీషియన్‌కూ, టైలర్‌కూ ఇది కుదరదు. వాళ్లకు నమూనా అంటే గతంలో చేసిన పని, చెప్పిన రోజుకు చేసి ఇవ్వడం.

గూగుల్ మ్యాప్స్‌లో షాపు వివరాలు పెట్టుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. పెట్టి వదిలేస్తేనే చిక్కు. పండగ రోజు తెరిచి ఉందని చూపిస్తుంటే, వచ్చి తాళం చూసి వెళ్లిన మనిషి మళ్లీ ఆ వీధికి రాడు. వాట్సాప్ బిజినెస్ యాప్ కూడా ఉచితమే, కానీ ఒక సంగతి చాలామందికి తెలియదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపే సందేశం మన నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ఎక్కడో కొన్న వెయ్యి నంబర్లు లిస్టులో పోస్తే ప్రయోజనం సున్నా. బిల్లు ఇచ్చేటప్పుడు ‘కొత్త సరుకు వస్తే ఫొటో పెడతాం, ఈ నంబరు సేవ్ చేసుకోండమ్మా’ అని ఒక మాట అనడం అంతకన్నా వెయ్యి రెట్లు నయం.

అపోహ: ఒక్క వీడియో వైరల్ అయితే దశ తిరిగినట్టే.

2024 జనవరిలో హైదరాబాద్‌లో కుమారి ఆంటీ భోజనాల బండికి ఏమైందో అందరూ చూశారు. వీడియోలు చూసి జనం ఎగబడ్డారు, ట్రాఫిక్ ఆగిపోయింది, పోలీసులు బండి తీసేయమన్నారు. చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకుంటే గానీ వ్యాపారం అక్కడ కొనసాగలేదు. ప్రతి బండి కోసం ముఖ్యమంత్రి మాట్లాడరు. ఆమె కథలో నేర్చుకోవాల్సింది వీడియోలు రాకముందు జరిగినది. ఏళ్ల తరబడి అదే చోట, అదే పూట వండి వడ్డించి సంపాదించుకున్న గిరాకీ అది. వంద మందికి వండే వంటింటికి ఒక్కసారిగా వెయ్యి మంది వస్తే అందరికన్నా ముందు అలిగి వెళ్లిపోయేది రోజూ వచ్చేవాళ్లే.

డబ్బిచ్చి వీడియో చేయించుకునేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. డబ్బు తీసుకున్నా, ఉచితంగా తిన్నా ఆ సంగతి వీడియోలో స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

అపోహ: నేను కూర్చోకపోతే ఒక్కరోజు కూడా షాపు నడవదు.

ఈ మాటను చాలామంది గర్వంగా చెబుతారు. నిజానికి అది వ్యాపారం మీద ఫిర్యాదు. ఏ సరుకు ఎవరి దగ్గర ఏ రేటుకు వస్తుందో, ఎవరికి ఎంత అరువు ఉందో, సాంబారులో ఏ పొడి ఎంత పడుతుందో అన్నీ ఒక్క మనిషి తలలోనే ఉంటే, ఆ మనిషికి జ్వరం వచ్చిన రోజు షాపుకూ జ్వరమే. పనివాళ్లకు బాధ్యత తెలియదని తిట్టే యజమాని, ఆ బాధ్యతను ఏనాడైనా వాళ్ల చేతికి ఇచ్చాడా అని అడగాలి. చిన్నగా మొదలుపెట్టవచ్చు. ‘ఐదు వందల లోపు సరుకు బాగాలేదని ఎవరైనా తిరిగి తెస్తే, నన్ను అడగకుండా మార్చి ఇచ్చేయండి’ అని ఒక హద్దు గీసి చెప్పండి. మొదట్లో నాలుగు పొరపాట్లు జరుగుతాయి. ప్రతి చిన్న విషయానికీ ఫోన్ చేసే అలవాటు మానాలంటే ఆ పొరపాట్లను భరించాల్సిందే.

‘మనవాడే, నమ్మకస్తుడు, వాడి దగ్గర లెక్క ఏమిటి?’ అనేది ఇంకో గొడవ. రోజూ షాపు కట్టేటప్పుడు గల్లా లెక్కపెట్టి రాసి, ఇద్దరూ సంతకం పెట్టడం దొంగల కోసం పెట్టుకున్న పద్ధతి కాదు. లెక్క లేని చోట రెండు వేలు తగ్గితే మొదట అనుమానం పడేది నిజాయతీగా పనిచేసేవాడి మీదే. ఈ నియమం యజమానికీ వర్తించాలి. ఇంటికి కూరగాయలు కావాలని గల్లాలోంచి తీసే మూడు వందలు కూడా రాయాలి. తనకంటూ నెలకు ఇంత అని జీతం వేసుకోని యజమానికి షాపు లాభంలో ఉందో, తన చాకిరీ మీద నడుస్తోందో ఎప్పటికీ తెలియదు.

కొనడానికి వచ్చినవాళ్ల ముందు పనివాణ్ని కసరడం మన కొట్లలో మామూలైపోయింది. దాని గురించి వివరణ అక్కర్లేదు, మానేయాలి.

అపోహ: జీఎస్టీలో పేరు నమోదైంది కాబట్టి ఆ పేరు నాదే.

కాదు. జీఎస్టీ నమోదు పన్ను కోసం. పేరు మీద హక్కుకు గట్టి ఆధారం కావాలంటే ట్రేడ్‌మార్క్ తీసుకోవాలి. ఒకసారి నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. చిన్న సంస్థలకు దరఖాస్తు రుసుములో సగం రాయితీ ఉంది.

అపోహ: పెద్ద పార్టీని బాకీ గట్టిగా అడిగితే ఆర్డరు పోతుంది.

అడగనివాడి బిల్లే అట్టడుగుకు పోతుంది. చట్టం చిన్నవాడి పక్షానే ఉంది. 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. 2023 బడ్జెట్‌లో తెచ్చిన ఆదాయపు పన్ను సవరణతో, గడువులోగా కట్టని బాకీని కొనుగోలుదారు కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోగలడు. అందుకే పెద్ద కంపెనీల అకౌంట్స్ విభాగాలు, చిన్న సంస్థగా నమోదైనట్టు చూపే ఉద్యమ్ నంబరు ఉందా అని అడుగుతున్నాయి. మీ బిల్లు మీద ఆ నంబరు అచ్చు వేయించండి, గడువు తేదీ రాయండి.

తయారీదారులకూ, సేవలు అందించేవాళ్లకూ వర్తించే రక్షణ ఇది. సరుకు కొని అమ్మే వ్యాపారులు కూడా ఉద్యమ్‌లో చేరవచ్చు గానీ వాళ్లకు దక్కేది ప్రాధాన్య రంగ రుణాల సౌకర్యం వరకే. కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. దీనికి ఫీజు కట్టాలని ఎవరైనా అడిగితే, ఆ డబ్బు ప్రభుత్వానికి పోదు.