వార్తల్లో పదం: వెయిట్ రీగెయిన్

బరువు తగ్గే సర్జరీ చేయించుకున్నవారిలో కొందరికి, కొన్నేళ్లు గడిచాక, తగ్గిన బరువులో కొంత తిరిగొస్తుంది. వైద్యులు దీన్నే వెయిట్ రీగెయిన్ అంటారు. మళ్లీ లావవుతామన్న కంగారులో కొందరు డబ్బు కట్టి డైట్ ప్రోగ్రామ్‌లలో చేరతారు. 1963లో న్యూయార్క్‌లో జీన్ నిడెచ్ మొదలుపెట్టిన వెయిట్ వాచర్స్ వీటిలో బాగా పేరున్నది. పదార్థాలకు పాయింట్లు, వారం వారం తూకం, తోటివారి మాటసాయం దాని పద్ధతి. ఆ మాటసాయం నిజంగా విలువైనదే.

చిక్కల్లా పాయింట్ల లెక్కల దగ్గరే. అవి మామూలు పొట్టకు వేసినవి. స్లీవ్ సర్జరీలో జీర్ణాశయంలో దాదాపు 75-80 శాతం తీసేస్తారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో పేగుల దారీ మారుతుంది; ఐరన్, కాల్షియం, బి12 ఒంటికి సరిగా పట్టవు. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. నాలుగు ముద్దలకే నిండే పొట్టలోకి ముందు గుడ్డో చేపో పప్పో వెళ్లాలి. పాయింట్లు పడవని పండ్లతో నింపేస్తే ప్రొటీన్‌కు చోటెక్కడ? తియ్యటి షేకులతో బైపాస్ అయినవారికి గుండెదడ, చెమటలు, విరేచనాలు రావచ్చు. దాని పేరు డంపింగ్ సిండ్రోమ్.

బరువు పెరగడానికి తిండి ఒక్కటే కారణం కాకపోవచ్చు. వాడే మందులు, సర్జరీలో చేసిన చిన్న పొట్ట (పౌచ్) సాగడం కూడా కావచ్చు. అందుకే ఏ ప్రోగ్రామ్‌కైనా డబ్బు కట్టేముందు సర్జన్‌నూ డైటీషియన్‌నూ కలవాలి. డాక్టర్ చెప్పకుండా విటమిన్ మాత్రలు ఆపకూడదు.