తేనెపెట్టెలో మొదటి సంవత్సరము

మార్చి, ఏప్రిల్ నెలలలో వేప, కానుగ చెట్లు పూతకు వచ్చును. ఆ దినములలో కొమ్మకు గుత్తివలె వ్రేలాడుచున్న తేనెటీగల గుంపును పట్టి క్రొత్త పెట్టెలో ఉంచినవాడు, నెల గడచునప్పటికి సీసాలు కడిగి సిద్ధము చేసికొనును. పెట్టె తెరచి చూచినచో పై గదిలో తేనె మాట అటుండగా, మైనపు పట్టయినను కనబడదు. ఈగలు సోమరులా? పెట్టెలో లోపమున్నదా? రెండును కావు. పెంపకందారుని లెక్కలోనే లోపమున్నది.

మన దేశమున చెట్టు తొర్రలలోను, పుట్టలలోను, గోడల సందులలోను పట్టు పెట్టు తేనెటీగను పెట్టెలలో పెంచుదురు. దీని శాస్త్రీయ నామము ఏపిస్ సెరానా. చీకటి తావున, ఒకదాని ప్రక్క నొకటిగా పెక్కు పట్లు కట్టుట దీని స్వభావము. పెట్టె ఆ స్వభావమునకు అనుగుణముగనే నిర్మింపబడినది. తేనెటీగలు తమ రాకపోకలకై సుమారు 9 మిల్లీమీటర్ల సందు విడుచునని 1851లో అమెరికా దేశీయుడైన లాంగ్‌స్ట్రాత్ గమనించెను. సందు ఇరుకైనచో ఈగలు దానిని చెట్ల బంకతో పూడ్చును. వెడల్పైనచో అందు అడ్డుపట్టు కట్టును. పెట్టెగోడకును చట్రమునకును నడుమ ఆ సందునే ఉంచుటచే, పట్టు తెగకుండ చట్రమును పైకి తీయుట సాధ్యమయ్యెను. 1910వ దశకమున తిరుచిరాపల్లిలో న్యూటన్ అను క్రైస్తవ గురువు మన చిన్న ఈగలకు తగిన చిన్న పెట్టెను రూపొందించెను. ఇట్టి పెట్టెలో క్రింది భాగము పిల్లగది. పై భాగము తేనెగది.

ఇక లెక్క చూతము. రాణి ఈగ పెట్టిన గుడ్డు పురుగై, ప్యూపాయై, రెక్కలుగల పని ఈగగా వెలువడుటకు సుమారు 20 దినములు పట్టును. వెలువడిన ఈగ వెంటనే పూలకు పోదు. సుమారు మూడు వారములు గదులు శుభ్రపరచుట, పురుగులకు మేత పెట్టుట, మైనము స్రవించి పట్టు కట్టుట, వాకిట కావలి యుండుట మొదలగు ఇంటిపనులు చేయును. ఆ పిమ్మటనే మకరందమునకై బయలుదేరును. కావున నేడు పెట్టిన గుడ్డు రమారమి ఆరు వారములకుగాని పంటకు అక్కరకు రాదు.

క్రొత్త గుంపును పెట్టెలో ఉంచిన మొదటి మూడు వారములలో ముదిసిన ఈగలు చనిపోవుచుండును. క్రొత్తవి ఇంకను వెలువడవు. అనగా కుటుంబము పెరుగుటకు ముందు తగ్గును. పూత యున్ననాడు పనివారు చాలరు. పనివారు సిద్ధమగునాటికి పూత రాలిపోవును.

దీనికి తోడు ఇల్లు కట్టు ఖర్చు. ఒక కిలో మైనము స్రవించుటకు ఈగలు ఆరు మొదలు ఎనిమిది కిలోల తేనెను తినునని అంచనా. క్రొత్త పెట్టెలోని చట్రములన్నియు ఖాళీయే గదా! దొరకిన మకరందములో పెద్ద పాలు పట్టు కట్టుటకును, పిల్లలను పెంచుటకును పోవును. ఒక కిలో తేనెకు ఎంత శ్రమ కావలెనో విద్యార్థులే గుణించి చూడవచ్చును. తేనెలో నీరు నూటికి 20 పాళ్లు, మకరందములో చక్కెర నూటికి 40 పాళ్లు, ఈగ ఒక్కమారు తెచ్చు బరువు 30 మిల్లీగ్రాములు అనుకొందము. కిలో తేనెకు రెండు కిలోల మకరందము, అనగా 66 వేలకు పైగా ప్రయాణములు కావలెను.

తేనెగదిని ఎప్పుడు అమర్చవలెను? పిల్లగదిలోని చట్రములు దాదాపు అన్నియు పట్లతోను ఈగలతోను నిండిన తరువాతనే. పిల్లలున్న భాగమును ఈగలు 34, 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కాపాడవలెను. చాలినన్ని ఈగలు లేనిదే గది పెంచినచో ఆ వేడిమి నిలుపుట కష్టమగును. కాపులేని పట్లను మైనపు పురుగు తినివేయును. మిక్కిలి ఆలస్యము చేసినచో తావు చాలక కుటుంబము చీలి, సగము ఎగిరిపోవును.

తేనె తీయుటలోను ఓర్పు కావలెను. తేనె పక్వమైన పిదప ఈగలు గదులకు మైనపు మూత వేయును. చట్రములో ముప్పాతిక భాగమైనను మూతపడినగాని తీయరాదు, పచ్చితేనె పులియును. తేనె తీయు యంత్రములో త్రిప్పినచో పట్టు చెడక తేనె మాత్రము వెలువడును. ఆ ఖాళీ పట్టును మరల పెట్టెలో ఉంచినచో మైనపు ఖర్చు మిగులును. పిల్లగదిలోని తేనె మాత్రము ఈగలదే, దానిని ముట్టరాదు.

ఈ హద్దు మీరినవానికి శిక్ష వానకాలమున పడును. వానలు ఎడతెగక కురియు దినములలో ఈగలు బయటికి పోజాలవు. నిలువ లేనిచో సెరానా జాతి ఈగలు పట్లను విడిచి కుటుంబమంతయు లేచిపోవును. ఉదయమున చూచువరకు పెట్టె ఖాళీ! అందుచే కరవు దినములలో ఖాళీయైన తేనెగదిని తీసివేసి భద్రపరచవలెను. సమముగా చక్కెర, నీరు కలిపిన పాకమును సాయంకాలమున, బయట ఒలుకకుండ, పెట్టెలోపల ఉంచవలెను. చీమలు ఎక్కకుండ పెట్టె కోళ్లను నీటి గిన్నెలలో నిలుపవలెను. ఊరక మూత తెరచి ఈగలను కలవరపెట్టరాదు.

ఇట్లు కాపాడిన కుటుంబము మరుసటి సంవత్సరము వేరు విధముగ ఉండును. మార్చి నడుమ పూత వచ్చుననుకొన్నచో ఆరు వారములు వెనుకకు లెక్కింపుడు: ఫిబ్రవరి మొదటి దినము. నాటికి రాణి చురుకుగా గుడ్లు పెట్టుచు, మేత నిలువయుండి, పట్లు సిద్ధముగనున్నచో పూత నాటికి పనివారు దండిగా నుందురు. అప్పటికిని సెరానా కుటుంబము సామాన్యముగ సంవత్సరమునకు ఇచ్చునది కొద్ది కిలోలే యని గుర్తుంచుకొనవలెను.

పాఠశాలలో పెట్టె నుంచు ఉపాధ్యాయుడు తేనె తూచుటకు ముందు ఒక పుస్తకము తెరచుట మేలు. ఏ చెట్టు ఏ వారమున పూచెను, ఎన్ని చట్రములలో పిల్లలున్నవి, ఏనాడు మేత పెట్టితిమి అని విద్యార్థులచే వ్రాయింపవలెను. రెండవ సంవత్సరమున పెట్టెను ఎప్పుడు సిద్ధము చేయవలెనో ఆ పుస్తకమే చెప్పును. మొదటి సంవత్సరపు పంట సీసాలోని తేనె కాదు. నిండిన పిల్లగది, ఆ పుస్తకము, వానకాలము గడచిన పిదపను వాకిట ఝుమ్మనుచున్న ఈగలు.