సూట్‌కేసులో కోడి పచ్చడి వద్దు!

గుడివాడలో పిల్లాడు చదువుకి జపాన్ వెళ్తున్నాడంటే ఇంట్లో ముందు మొదలయ్యేది పచ్చళ్ల పని. ఆవకాయ, గోంగూర, కందిపొడి, వాటి పక్కన ఓ డబ్బా కోడి పచ్చడి. ఆ డబ్బా మాత్రం పెట్టకండమ్మా. పశువుల రోగాలు దేశంలోకి రాకుండా జపాన్ చాలా గట్టిగా కాపలా కాస్తుంది. మాంసం నూనెలో వేగి ఊరినదైనా ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. దొంగచాటుగా తెస్తే 3 ఏళ్ల దాకా జైలు, లేదా 30 లక్షల యెన్‌ల దాకా జరిమానా అని చట్టం. ఈ జరిమానాను 2020లోనే పెంచారు. రొయ్యల పచ్చడి ఈ మాంసం నిబంధన కిందికి రాదు. మన రొయ్య జపాన్‌కి కొత్తదీ కాదు. 1990లలో కోస్తా చెరువుల టైగర్ రొయ్యకి పెద్ద గిరాకీ అక్కడే ఉండేది.

మామిడిపళ్లూ సామానులో పెట్టకూడదు. పండుఈగ భయం. 2006లో జపాన్ అనుమతించిన కొద్ది భారతీయ రకాల్లో మన బంగినపల్లి ఉంది కానీ, అది ఆవిరి వేడి పట్టించి, సర్టిఫికెట్‌తో ఎగుమతి సరుకుగా వెళ్లాల్సిందే.

అక్కడి అన్నం ముద్దగా ఉంటుందని పిల్లలు మొదటి వారం ఫోన్లో బెంగగా చెబుతారు. ఆ బియ్యంలో అమైలోజ్ తక్కువ, అందుకే మెతుకు మెతుక్కి అంటుకుంటుంది. సాంబా మసూరికి అలవాటుపడ్డ నోటికి పప్పుచారు అందులో కలవదు. టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయి వైపు ఇండియన్ షాపుల్లో మన బియ్యం దొరుకుతుంది.

పార్ట్‌టైమ్ పని సంగతి. అనుమతి తీసుకున్నాక వారానికి 28 గంటలు. మూడు చోట్ల చేసినా అన్నీ కలిపి 28 దాటకూడదు. కాలేజీ పెద్ద సెలవుల్లో రోజుకు 8 గంటల దాకా చేయొచ్చు. గంటలు మించితే వీసా పొడిగింపు దగ్గర పట్టుబడతారు. పార్ట్‌టైమ్ డబ్బుతో ఫీజు కూడా గడిచిపోతుందని ఏ ఏజెంటైనా చెబితే నమ్మి పొలం తాకట్టు పెట్టకండి. అది అద్దెకీ తిండికీ ఆసరా, అంతే. దానికంటే 1954 నుంచి జపాన్ ప్రభుత్వం ఇస్తున్న మెక్స్ట్ స్కాలర్‌షిప్‌కి ముందే ప్రయత్నించడం నయం. ఫీజు ఉండదు, విమాన టికెట్టూ నెలనెలా ఖర్చులూ వాళ్లవే.

చెత్త పారేయడం కూడా అక్కడ నేర్చుకోవాల్సిన విద్యే. నీళ్ల సీసా తాగేశాక మూత తీయాలి, లేబుల్ ఒలవాలి, లోపల కడగాలి, నలపాలి. మూతా లేబులూ ఒక సంచిలోకి, సీసా మరో దాంట్లోకి. కాలే చెత్తకో రోజు, సీసాలకో రోజు. పొద్దున్నే, చాలాచోట్ల 8 గంటల్లోపు పెట్టాలి. రోజు తప్పితే సంచి మీద స్టిక్కర్ అతికించి అక్కడే వదిలేసి పోతారు. ఏ పేట నియమం ఆ పేటది కాబట్టి, ఇల్లు మారితే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. మారిన 14 రోజుల్లో కొత్త అడ్రసు వార్డు ఆఫీసులో నమోదు చేయించడమూ తప్పదు.

1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమకి తుపాను షెల్టర్ అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. జపాన్‌లో చాలాచోట్ల ఆ పని పేటలోని బడే చేస్తుంది. 1923 కాంతో భూకంపం జరిగిన సెప్టెంబరు 1న దేశమంతా కసరత్తులు చేస్తారు. పెద్ద భూకంపం వస్తే, ముందుగా చేరే చిన్న అలను యంత్రాలు పసిగట్టి ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగిస్తాయి. చేతిలో ఉండేది కొన్ని సెకన్లే. బల్ల కిందికి దూరడానికి అవి చాలు. గది తీసుకున్న రోజునే ఆ బడికి దారి చూసుకోమని మీవాడికి గట్టిగా చెప్పండి.

అద్దకం పని తెలిసిన పెడన పిల్లలెవరైనా టోక్యోలో ఉంటే నేషనల్ మ్యూజియంకి వెళ్లాలి. 1605లో డచ్చివాళ్లు మచిలీపట్నంలో వర్తకశాల పెట్టారు. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు డచ్చి ఓడల మీద జపాన్ చేరి, అక్కడ తేనీటి వేడుక సామానుకి సంచులయ్యాయి. హికొనె ప్రభువులు భద్రపరిచిన అలాంటి 450 ముక్కలు ఆ మ్యూజియంలో ఉన్నాయి.

ఇక సినిమా. 2022 అక్టోబరు 21న అక్కడ విడుదలైన ఆర్.ఆర్.ఆర్., 1998 నుంచి నిలిచిన ‘ముత్తు’ వసూళ్ల రికార్డును దాటేసింది. మామూలుగా హాల్లో కిక్కురుమనరు. ఈలలూ చప్పట్లూ కావాలనుకునేవాళ్లకి విడిగా షోలు వేస్తారు. ఆ సినిమా హీరోల్లో ఒకరైన ఎన్టీఆర్ తాతగారి ఊరు నిమ్మకూరు మా గుడివాడ పక్కనే అని మీవాడు చెప్పాడంటే, షాపులో పక్కన పనిచేసేవాళ్లతో స్నేహం ఇట్టే కలుస్తుంది.